పవనముల దిక్కులు – ఓడల దారులు



నేడు నేను గాలిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. నేను వాతావరణ శాస్త్రజ్ఞుడను గాను, తెలుగు పండితుడను. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలలో పద్యములు చెప్పి విశ్రాంతి పొందినవాడను. అట్టివాడు గాలి జోలికేల పోయెనని మీరడుగవచ్చును. దానికొక కారణము కలదు. అది నాకంతగా గౌరవము తెచ్చునది కాకపోయినను ముందుగా దానినే చెప్పెదను.

సముద్రతీరమందలి యొక పల్లెలో నేను పనిచేయుచున్న కాలమున, భూగోళము చెప్పు ఉపాధ్యాయుడు దీర్ఘకాలము సెలవు పెట్టెను. ప్రధానోపాధ్యాయులు ఎనిమిదవ తరగతి భూగోళమును నా నెత్తిన పెట్టిరి. శబ్దమంజరియు, బాలవ్యాకరణమును వల్లించిన నాకు పటము విప్పి గోడకు తగిలించుటయే క్రొత్త. అయినను పుస్తకము చూచి చెప్పితిని. పరీక్ష వచ్చెను. ప్రశ్నలు నేనే వ్రాసితిని. అందొకటి: నైరుతి ఋతుపవనములు ఏ దిక్కునకు వీచును? మార్కులు రెండు. నేను కోరిన సమాధానము "నైరుతి" యని. తరగతియంతయు అట్లే వ్రాసెను. ఒక్క బాలుడు మాత్రము "ఈశాన్యమునకు" అని వ్రాసెను. నేను ఎఱ్ఱ పెన్సిలుతో దానిని కొట్టివేసితిని.

ఆ బాలుడు చేపలు పట్టువారి బిడ్డ. కాగితము పట్టుకొని నాయొద్దకు వచ్చి, "మేష్టారండీ, నైరుతి గాలి నైరుతి నుంచి వస్తది గదండీ. వచ్చిన దిక్కుకే మళ్ళీ ఎట్టా పోద్దండీ?" అని యడిగెను. పుస్తకములో నున్నది నీకు తెలియునా, పో, కూర్చుండుమని కసరితిని. వాడు కూర్చుండెను. ఆ రాత్రి భోజనముచేసి అరుగుమీద పండుకొనినప్పుడు నా ప్రశ్న నాకే గుర్తునకు వచ్చెను. "ఏ దిక్కునకు" అని కదా నేను వ్రాసినది! "ఏ దిక్కునుండి" యని వ్రాయవలసినచోట "కు" ప్రత్యయము వేసితిని. విభక్తులు నేర్పుటయే వృత్తిగా గలవాడను, వచ్చుటకును పోవుటకును గల భేదమును మరచితిని. వ్యాకరణమెరుగని బాలుడు మరువలేదు. మరునాడు ఆ రెండు మార్కులు వేయుటకు నాకు నోరు రాలేదు. పట్టికలో అంకెలెక్కినవని ఒక సాకు చెప్పుకొంటిని. మరుసటి యేడు వాడు బడికి రాలేదు.

అప్పటినుండి నేను గాలుల పేర్లను వెదకుట కారంభించితిని.

గాలికి అది బయలుదేరిన దిక్కునుబట్టి పేరు పెట్టుట లోకమంతటను గల ఆచారము. పడమటినుండి వచ్చినది పడమటిగాలి; తూర్పునుండి వచ్చినది తూర్పుగాలి. మన కవులు మలయానిలమనినను అంతియే. మలయపర్వతమునుండి వచ్చు గాలి యని గాని, అచటికి పోవునది యని కాదు. సముద్రములోని ప్రవాహములకో, నావికులు తారుమారుగా పేరు పెట్టుదురు. తూర్పు ప్రవాహమనగా తూర్పునకు పోవునది. మన యిండ్లలోని మాటలో చెప్పవలెనన్న, గాలికి పుట్టినింటి పేరు, ప్రవాహమునకు మెట్టినింటి పేరు. ఈ భేదమునకు హేతువు నాకిట్లు తోచుచున్నది. నేలమీద నున్నవాడు గాలి ఎచ్చటినుండి వచ్చుచున్నదో చూచుకొనును. అది వాన తెచ్చునో, వడ తెచ్చునో దానినిబట్టి తెలియును. నీటిమీద నున్నవాడు ప్రవాహము తన్నెచ్చటికి ఈడ్చుకొనిపోవునో చూచుకొనును. మన పెద్దలు వాయుదేవునకు వాయవ్య దిక్కు నిచ్చిరిగాని, మనకు అన్నము పెట్టు గాలులు రెండును వేరు దిక్కులవి. తెలంగాణమునకును, కోస్తాలో అధికభాగమునకును నైరుతి గాలి వాన తెచ్చును. నెల్లూరి సీమకు ఆశ్వయుజ కార్తికములలో వచ్చు ఈశాన్యపు గాలియే ఎక్కువ తెచ్చును.

ఇక నేను చెప్పిన రెండవ తప్పు. ఉష్ణమండలమున ఏడాది పొడుగునను ఒకే వైపునుండి వీచు గాలులు కలవు. భూమధ్యరేఖకు ఉత్తరమున ఈశాన్యమునుండియు, దక్షిణమున ఆగ్నేయమునుండియు ఇవి వీచును. ఇంగ్లీషువారు వీనిని ట్రేడ్ విండ్సు అందురు. మన పాఠ్యపుస్తకములు "వ్యాపార పవనములు" అని తెనిగించినవి. ఏ వ్యాపారమని పిల్లలడుగగా, వర్తకుల ఓడలకు ఉపకరించునవి గనుక ఆ పేరు వచ్చెనని నేను గంభీరముగా చెప్పితిని. పిమ్మట నొక పెద్ద నిఘంటువును చూడగా, ఆ మాటకు పూర్వార్థము వర్తకము కాదు, "త్రోవ, జాడ" అని తెలిసినది. పదునారవ శతాబ్దపు నావికులు, గాలి తన జాడ విడువక ఒకే త్రోవను వీచుచున్నదనుటకు ఆ మాట వాడిరి. వర్తకమను అర్థము తరువాత దానిని కప్పివేసెను. ఎవరో తొలుత "వ్యాపార" మని వ్రాసిరి. మనమందరమును వారి వెంట నడచితిమి. ఇప్పుడా మాటను మార్చుట నావలన కాదు, మార్చుమనియు నేను కోరను. "మాన్సూన్" అను మాట మాత్రము తిన్నగా వచ్చినది: అరబ్బుల "మౌసిమ్", అనగా ఋతువు. మన ఋతుపవనమను మాట దానికి చక్కగా సరిపోవుచున్నది.

ఈ ఋతుపవనముల మర్మమును మొదట కనిపెట్టినవారెవరు? మన బడులలో హిప్పాలస్ అను గ్రీకు నావికుని పేరు చెప్పుదురు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున, పేరు తెలియని యొక వర్తకుడు ఈజిప్టునుండి మన దేశమునకు వచ్చు సముద్రమార్గమును వర్ణించి "పెరిప్లస్" అను గ్రంథము వ్రాసెను. తీరము వెంబడి పాకులాడక నడిసముద్రమున చొచ్చి వచ్చుటను మొదట కనిపెట్టినవాడు హిప్పాలస్ అనియు, నైరుతి గాలికి అతని పేరే పెట్టిరనియు అందున్నది. రోమను పండితుడగు ప్లినీ, ఎఱ్ఱసముద్రపు ముఖమందలి ఒకేలిస్ రేవునుండి మలబారులోని ముజిరిస్ రేవునకు ఈ గాలితో నలుబది దినములలో చేరవచ్చునని వ్రాసెను. తిరుగు ప్రయాణము హేమంతమున, ఈశాన్యపు గాలితో. మైయస్ హొర్మస్ రేవునుండి ఏటేట నూటయిరువది ఓడలు మన దేశమునకు వచ్చుచుండెనని స్ట్రాబో చెప్పుచున్నాడు.

అయితే ఆ స్ట్రాబోయే ఇంకొక కథను గూడ చెప్పినాడు. దానిని మన బడులలో చెప్పుట నేను వినలేదు. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమున, ఈజిప్టు రాజు కావలివారు ఎఱ్ఱసముద్రపు తీరమున నొక ఓడను పట్టుకొనిరి. అందొక్క మనుష్యుడే మిగిలియుండెను, కొనయూపిరితో నుండెను. అతని మాట ఎవరికిని తెలియలేదు. రాజు అతనికి గ్రీకు భాష నేర్పించెను. భాష వచ్చిన పిదప అతడు, తాను హిందూదేశమువాడననియు, దారి తప్పితిననియు, తోడివారందరును ఆకలిచే మరణించిరనియు చెప్పెను. తన మాట నమ్మి ఓడ నిచ్చినచో తన దేశమునకు దారి చూపుదుననెను. యూడాక్సస్ అను గ్రీకువాడు అతనితో బయలుదేరి, కానుకలతో వెళ్ళి, సుగంధద్రవ్యములతోను రత్నములతోను తిరిగివచ్చెను. ఇది క్రీస్తుపూర్వము 118 ప్రాంతపు మాట. స్ట్రాబోకు ఈ కథయందు నమ్మకము చాలదు. పోసిడోనియస్ చెప్పెనుగనుక వ్రాయుచున్నానని తప్పులెన్నుచునే వ్రాసెను. కాని నాకిందు అసంభవమేమియు కానరాదు. యూడాక్సస్ పేరు మిగిలినది, హిప్పాలస్ పేరు మిగిలినది. దారి చూపినవాని పేరు మాత్రము ఎవ్వరును వ్రాసి పెట్టలేదు. ఏ యేటి గాలి ఏ నెలలో తిరుగునో అతనికి ఏ గ్రంథము చెప్పినది? తండ్రి చెప్పియుండును.

ఈ కథ కొసను గూడ మరువకుడు. యూడాక్సస్ తెచ్చిన సరకునంతయు ఈజిప్టు రాజు తానే లాగికొనెను. ఈ మాటతో మనకు ముందు పని కలదు.

మన తూర్పు తీరమును ఈ గాలికథలో వెనుకబడినది కాదు. పెరిప్లస్ కర్త సన్నని నూలు వస్త్రములు నేయు "మసాలియా" దేశమును పేర్కొనెను. అది మచిలీపట్టణపు ప్రాంతమని పండితులు చెప్పుదురు. రెండవ శతాబ్దపు టాలెమీ, నేటి ఘంటసాలగా తలచబడు రేవును, దానికి ఉత్తరముగా నొక విచిత్రమైన స్థలమును చెప్పెను. స్వర్ణభూమికి పోవు ఓడలు తీరమును విడిచి నడిసముద్రమునకు తిరుగు చోటది. ఏ యూరో నిర్ణయించుటలో పండితులకు నేటికిని పొత్తు కుదరలేదు. ఊరేదైననేమి, ఇచ్చటినుండి ఒడ్డు వదలుము అని గుర్తు పెట్టుకొనునంతటి రాకపోకలు నాడుండెనని తెలియుచున్నది. ఆ శతాబ్దమందే యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు కూపకస్తంభములు గల ఓడ బొమ్మతో నాణెములు ముద్రించెను.

గాలికొరకు కాచుకొనుట నాటి ప్రయాణమందు సగము పని. చైనా యాత్రికుడు ఫాహియాన్ అయిదవ శతాబ్దపు మొదట, శీతకాలారంభపు గాలితో తామ్రలిప్తినుండి పదునాలుగు దినములలో సింహళము చేరెను. పిమ్మట జావా వైపు పోయి, చైనాకు పోవు ఓడకై అయిదు నెలలు అచ్చటనే కూర్చుండెను. కాచుకొననివాని గతి ఏమగునో వాస్కోడగామా చరిత్ర చూపుచున్నది. అతడు 1498 ఏప్రిలు 24వ తేదీన ఆఫ్రికా తీరమందలి మాలిందినుండి, తీరమెరిగిన యొక నావికుని తోడు తీసికొని బయలుదేరి, ఇరువదిమూడు దినములలో అరేబియా సముద్రమును దాటెను. మరలునప్పుడు తోడు లేదు. కోపముతో తొందరపడి, ఈశాన్యపు గాలి ఇంకను నిలదొక్కుకొనకమునుపే, అక్టోబరు మొదటివారమున అంజదీవినుండి బయలుదేరెను. అదే సముద్రము అతనికి మూడు నెలలు పట్టినది. గాలి ఎదురై కొన్నాళ్ళు, గాలి లేక కొన్నాళ్ళు. చిగుళ్ళు వాచి ముప్పదిమంది దారిలోనే చనిపోయిరి.

కొలంబసు కథ వేరు. 1492లో అతడు కెనరీ ద్వీపములనుండి బయలుదేరగా ఆ "వ్యాపార" పవనము వెనుకనుండి త్రోసికొని పోవుచునేయుండెను. గాలి అనుకూలముగా నున్నదని సంతోషింపవలసిన నావికులు భయపడిరి. ఈ సముద్రమున స్పెయినువైపు వీచు గాలియే లేదేమో, ఇల్లు చేరుటెట్లని గొణుగుకొనిరి. సెప్టెంబరు నెలలో నొకనాడు ఎదురుగాలి వీచగా, అది తనకు మిక్కిలి అవసరమైనదని కొలంబసు తన దినచర్యలో సంతోషముతో వ్రాసికొనెను. తిరుగుదారిలో అతడు ఉత్తరమునకు జరిగి, పడమటి గాలులను పట్టుకొని యిల్లు చేరెను. పోవుటకొక అంతస్తు, వచ్చుటకొక అంతస్తు.

ఈ గాలులకట్టి నియమమేల కలిగినది? ఎడ్మండ్ హేలీ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు 1686లో ఈ గాలుల పటమును గీసి ప్రకటించెను. ఎండవలన వేడెక్కిన గాలి పైకి లేచుననియు, చల్లని గాలి ఆ చోటికి వచ్చుననియు చెప్పెను. కాని ఉత్తరమునుండి రావలసిన గాలి ఈశాన్యమునుండి ఏల వచ్చుచున్నదో అతడు చెప్పినది నిలువలేదు. 1735లో జార్జి హాడ్లీ అను న్యాయవాది ఈ చిక్కును కొంతవరకు విప్పెను. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది. భూమధ్యరేఖయందలి నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్లు పరుగెత్తును. ముప్పదవ అక్షాంశమందలి నేల సుమారు 1,450 మాత్రమే. అచటినుండి దక్షిణమునకు వచ్చు గాలి వేగము చాలక వెనుకబడును. వెనుకబడుటయనగా పడమటికి ఒరుగుట. కనుకనే ఉత్తరపు గాలి ఈశాన్యపు గాలి యగును. దారిలో నేలయు నీరును రాచుకొనుటచే ఆ వేగములో అధికభాగము హరించిపోవునని గూడ అతడు చెప్పెను. హాడ్లీ లెక్కలోని లోపములను పందొమ్మిదవ శతాబ్దమున కొరియోలిసు, ఫెరెలు మొదలగువారి గణితము దిద్దినది.

ఇచ్చట మన సిద్ధాంతులను తలపకుండ నేనుండలేను. క్రీస్తుశకము 499 ప్రాంతమున ఆర్యభటుడు భూమి తిరుగుచున్నదనెను. పడవలో పోవువానికి ఒడ్డు వెనుకకు పోవునట్లు కానవచ్చుటను ఉపమానముగా చెప్పెను. వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో దీనిని ఆక్షేపించెను. భూమియే తిరిగినచో డేగలు తమ గూళ్ళకెట్లు చేరును? ధ్వజములన్నియు ఎల్లప్పుడును పడమటికే ఎగురవలెను గదా? మా గురువుగారు ఈ ఆక్షేపణమును చెప్పి, ఆర్యభటునిదే జయమని నవ్వెడివారు. నేనును నవ్వెడివాడను. ఇప్పుడు నవ్వజాలను. ఉష్ణమండలపు మహాసముద్రములలో ఓడ ధ్వజము నిజముగా పడమటివైపునకే ఎగురుచుండును. అందు భూభ్రమణమునకు పాలు కలదు. వరాహమిహిరుడు ఊహించిన రీతిగా మాత్రము కాదు. భూమి గాలిని గూడ తనతో తిప్పుకొనుచునే యున్నది, వెనుకబాటు మిగిలిన శేషము మాత్రమే. అయినను అతడు అడిగినది మంచి ప్రశ్న. ఓడ యెక్కినవాడెవడైన అతనికి సమాధానము తెచ్చియున్నచో మన ఖగోళశాస్త్రము ఏ దారి పట్టియుండునో!

మన నైరుతి గాలి వేరొక జాతిది కాదు. దక్షిణార్ధగోళమున ఆగ్నేయమునుండి వచ్చు ఆ నిత్యపవనమే, వేసవిలో కాలిన మన భూఖండము పిలువగా భూమధ్యరేఖను దాటి వచ్చును. దాటినతోడనే ఒరుగుట మారును. దక్షిణమున ఎడమకు ఒరిగినది, ఉత్తరమున కుడికి ఒరుగును. అట్లు ఆగ్నేయపు గాలి నైరుతి గాలియై మన గుమ్మములోనికి వచ్చుచున్నది. పుట్టినింటి పేరు మారినదన్నమాట.

ఈ రెండు గాలులును మారు సంధికాలమే బంగాళాఖాతమున మిక్కిలి చెడ్డది. 1746 సెప్టెంబరులో చెన్నపట్టణమును పట్టుకొనిన ఫ్రెంచి సేనాని లాబూర్దొనే, విమోచనధనమును గూర్చిన తగవులలో కాలము గడపి, అక్టోబరు వచ్చినను రేవు విడువలేదు. గాలివాన వచ్చి అతని ఓడలను పగులగొట్టి వేయిమందికి పైగా మ్రింగినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన మచిలీపట్టణమున సుమారు ముప్పదివేలమందిని పొట్టనబెట్టుకొన్నది. 1977 నవంబరు 19వ తేదీని గూర్చి దివిసీమవారికి నేను చెప్పనక్కరలేదు.

అట్టి గాలివానలలో పరదేశపు ఓడ పగిలి మన యొడ్డునకు కొట్టుకొనివచ్చినప్పుడు, దానిలోని సరకు ఎవరిది? పూర్వము రాజుదే. సముద్రము తెచ్చిపడవేసినది నేల యేలువానికి చెందునని పలు దేశముల రాజులు తలచిరి. యూడాక్సస్ ఓడ పగులకయే సురక్షితముగా వచ్చెను, అయినను వాని రాజు విడువలేదు గదా! ఇక పగిలిన ఓడ మాట చెప్పనేల?

నేటి బాపట్ల జిల్లాలో మోటుపల్లి యను గ్రామము కలదు. అచటి వీరభద్రాలయమున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి వేయించిన శాసనస్తంభము కలదు. శక సంవత్సరము 1166, అనగా క్రీస్తుశకము 1244–45 నాటిది. దానిని అభయశాసనమందురు. అందు రాజు చెప్పిన దానిని నా మాటలలో చెప్పెదను. ఒక దేశమునుండి వేరొక దేశమునకు బయలుదేరి, గాలివాన పాలై, పగిలి ఒడ్డునపడిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వపు రాజులు బలాత్కారముగా తీసికొనుచుండిరి. ప్రాణముకంటెను ధనము మేలని సముద్రప్రయాణమునకు తెగించువారియెడ దయతో, కీర్తికిని పుణ్యమునకును, మేము నిర్ణయింపబడిన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడిచితిమి. ఆ సుంకము ముప్పదింట నొక పాలు. కర్పూరము, చందనము, ముత్యములు, దంతము, పన్నీరు, పగడములు, మిరియములు, పట్టునూలు మొదలగు సరకుల పట్టిక పిమ్మట నున్నది.

ఈ శాసనమును నేను మొదట చదివినది సాహిత్యవిద్యార్థిగా. ఇంత దయ గల రాజు ఉండెనే యని మురిసి ఊరకుంటిని. గాలుల దిక్కులు తెలిసికొనిన పిమ్మట మరల చదువగా వేరుగా తోచినది. ఇది దయ యొక్కటియే కాదు. శీతకాలమందలి గాలికొరకు నెలల తరబడి తూర్పు దీవులలో కాచుకొని వచ్చినవాడు, ఒక్క వారము తప్పినచో ఒడ్డున పడునని తెలిసినవాడు, ఏ రేవునకు పోవలెనని యెంచుకొనును? మునిగినను తన సొత్తు తనకు దక్కు రేవునకే. గణపతిదేవుని మంత్రులలో గాలి లెక్క తెలిసినవాడెవడో యుండియుండును. ఆ రేవు అర్ధశతాబ్దమునకు వెనుక మార్కోపోలో గ్రంథమునకెక్కినది. 1358లో కొండవీటి అనపోతరెడ్డి అచ్చటనే వర్తకులకు మరల అభయమిచ్చెను. దయయును లెక్కయును ఒక్కచోట కలిసినప్పుడు శాసనమునకు ఆయువు హెచ్చు కాబోలు.

ప్రసంగమునకిచ్చిన కాలము ముగియవచ్చినది. ఒక్క మనవి. నా ప్రశ్నకు "ఈశాన్యమునకు" అని వ్రాసిన బాలుడు ఇప్పుడు నడివయసు దాటియుండును. సముద్రముమీద నున్నాడో, ఒడ్డున నున్నాడో నాకు తెలియదు. ఈ మాటలు అతని చెవిని పడినచో, నాయనా, నీవు వ్రాసినది ఒప్పు. ప్రశ్న నాది తప్పు. ఆ రెండు మార్కులు నీవి.